పేర్లు చెప్పే సాయంత్రం

మొగుణ్ణి ఒక గంటసేపు ఒకచోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో లక్ష్మీదేవి టీచర్‌ని అడగాలి. ఈశ్వరయ్య చెడ్డవాడేం కాదు. యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. తార్నాకలో సొంత ఫ్లాటు, బీపీకి ఒక మాత్ర, సాయంత్రం కాగానే క్యాంపస్‌లో నడక. నడుస్తాడు, వస్తాడు, వార్తలు చూస్తాడు, తింటాడు, పడుకుంటాడు. మాట్లాడడం ఒక్కటే ఆయనకు పడదు. పెళ్లయిన కొత్తలో ఆమె దాన్ని గాంభీర్యం అనుకుని మురిసిపోయింది. ఇప్పుడేమనుకోవాలో తెలియక ఏమీ అనుకోవడం మానేసింది.

అలాంటి మనిషిని ఆ శనివారం ఒక ప్రసంగానికి రమ్మని పట్టుబట్టింది.

"ఎవరిది ప్రసంగం?" అన్నాడు ఈశ్వరయ్య, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"మా బళ్లో భాగ్య లేదూ, లెక్కల టీచరు. ఆ పిల్లది."

"లెక్కల టీచరు ఏం మాట్లాడ్తాది?"

"దేవుని గురించి. మన బతుకుల గురించి."

"వాళ్ల దేవుడు మనకెందుకే? మనకుండే వాళ్లకే దండం పెట్టలేక చస్తాంటే."

"మీరెట్లాగూ క్యాంపస్‌కు నడకకు పోతారు కదా. దోవలోనే. టీ ఇస్తారు, సమోసా కూడా ఇస్తారు."

సమోసా అనేసరికి ఈశ్వరయ్య లేసు కట్టడం ఆపి ఆలోచించాడు. బీపీ వచ్చినప్పటి నుంచీ ఇంట్లో నూనె వాసన తగలని మనిషి. "సరే, వెనకాల కూర్చుంటా. నచ్చకపోతే లేచొచ్చేస్తా," అన్నాడు. లక్ష్మీదేవికి అంతే చాలు. ఆ గంటలో ఆయన లేచిపోకుండా ఉండాలని ఆమె మొక్కని దేవుడు లేడు, వాళ్ల దేవుడితో సహా.

నవంబరు వచ్చిందంటే కథోలికులకు చనిపోయినవాళ్లను తలుచుకునే నెల. క్యాంపస్‌లోని క్రైస్తవ విద్యార్థులు ఒక సెమినార్ హాలు అడిగి తీసుకుని, వారం రోజులు సాయంత్రం పూట ప్రసంగాలు పెడతారు. మాట్లాడేది ఫాదర్లు కాదు. లాలాగూడ, మెట్టుగూడ, తార్నాక చుట్టుపక్కల కథోలిక బళ్లలో పనిచేసే టీచర్లు. అందుకే వాటిని వినబుద్ధేస్తుంది. పైలోకం సంగతి ఒక ముక్క చెబితే, అత్తగారి సంగతి, ఫోను పట్టుకుని అన్నం తినే పిల్లల సంగతి, సిగ్నల్ దగ్గర నోరు జారే ఆటోవాళ్ల సంగతి పది ముక్కలు చెబుతారు. వారం చివరి రోజున ప్రసంగం అయ్యాక, కావలసినవాళ్లు వేదిక దగ్గరికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించి, తమవాళ్లలో పోయినవాళ్ల పేరు మైకులో చెబుతారు. హాలంతా కలిసి ఆ పేరుకు ఒక చిన్న ప్రార్థన చేస్తుంది. ఈసారి చివరి రోజు భాగ్యది.

లక్ష్మీదేవి కథోలికురాలు కాదు. కడప జిల్లా ఆడబిడ్డ. పెళ్లయి హైదరాబాదుకొచ్చి, లాలాగూడ దగ్గర సిస్టర్ల బళ్లో తెలుగు టీచరుగా చేరి, అక్కడే తల నెరిపించుకుంది. పొద్దున మొదటి పీరియడ్‌లో కథోలిక పిల్లలు జ్ఞానోపదేశానికి వెళ్లిపోతే, మిగిలిన పిల్లలందరినీ ఆమె ముందు కూర్చోబెడతారు, నీతిబోధ చెప్పమని. ఇక నవంబరులో ఆమెకు ఇంకో ఉద్యోగం ఉంటుంది. ప్రసంగం చేయాల్సిన టీచర్లంతా ఆమె చుట్టూ చేరతారు. వాళ్లకు భక్తి ఉంటుంది, తెలుగే కాస్త తడబడుతుంది. ఆమె సరిదిద్ది పంపిస్తుంది. తన వాక్యాలు ఎవరి నోటివెంటో వస్తుంటే వెనక వరసలో కూర్చుని వింటుంది. అందులో ఆమెకు చిన్నతనమేం లేదు.

భాగ్య కూడా అలాగే వచ్చింది, సోమవారం మధ్యాహ్నం, స్టాఫ్‌రూములోకి, టిఫిన్ డబ్బా మూత పెట్టకుండానే.

"మేడం, జర మీరే దిక్కు. శనివారం నాదే స్పీచ్. ఫుల్ టెన్షన్ అయితున్నది."

"ఏం చెబుదామనుకుంటున్నావు?"

"పోయినోళ్లను ఎందుకు యాది చేసుకోవాలె, గదే. అన్నీ రాసుకున్న గానీ ఒక ఎగ్జాంపుల్ గావాలె మేడం, కడుపుల తగిలేటట్టు. మా తాత గురించి చెప్దామంటే, ఆయనేమో తాగి సైకిల్ మీదికెళ్లి పడి పోయిండు. గాడ గది చెప్పలేం గదా."

లక్ష్మీదేవి నవ్వింది. నవ్వుతూనే, తాను చెప్పబోతోందని తనకే తెలియకుండా, "మా ఊర్లో ఒకామె ఉండేది," అని మొదలుపెట్టింది.

ఆ ఒకామె ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. కూతురు హారిక కంటే ముందు లక్ష్మీదేవికి ఒక కొడుకు పుట్టాడు. ప్రొద్దుటూరులో, పుట్టింట్లో, చలికాలంలో. ఎర్రగా, ఒళ్లంతా నూగుతో, ఎవరు ఎత్తుకున్నా ఎదురు చూసినట్టు కళ్లు విప్పేవాడు. బారసాలకు ముహూర్తం పెట్టారు, బంధువులకు కబురు పంపారు. ఆ రోజు రాకముందే నిద్రలో పోయాడు. ఎందుకు పోయాడో డాక్టరు కూడా సరిగా చెప్పలేకపోయాడు. పళ్లు రాని పిల్లలకు కర్మలుండవు. ఏడాదికోసారి తలుచుకోవడానికి తిథి ఉండదు. మగవాళ్లు గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. ఈశ్వరయ్య వాళ్లతో వెళ్లొచ్చి, బావి దగ్గర స్నానం చేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా మళ్లీ బయటికి పోయాడు. ఆ రాత్రి ఇంటికి రాలేదు. "తట్టుకోలేక యాడికో పోయినాడు, మగోడు కదా," అన్నారు ఆడవాళ్లు. తట్టుకోలేకపోతే పోవడానికి తనకు మాత్రం ఏ చోటుందని లక్ష్మీదేవికి ఆ రాత్రి పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

తర్వాత హారిక పుట్టింది. "చూస్తివా, వాడే మళ్లీ వచ్చినాడు," అన్నారు పెద్దవాళ్లు. హారిక హారికే, వాడు వాడే అని తల్లికి తెలియదా? ఇప్పుడు హారిక పుణెలో ఉద్యోగం చేసుకుంటోంది. తనకంటే ముందు ఒక అన్న ఉన్నాడని ఆ పిల్లకు కూడా తెలియదు. ఎవరైనా "ఎంతమంది పిల్లలు?" అని అడిగితే ఈశ్వరయ్య "ఒకతే" అంటాడు. ఆ మాటకు ముందు ఆయన గొంతు కాస్తయినా ఆగుతుందేమోనని ప్రతిసారీ లక్ష్మీదేవి చెవి ఒగ్గి వింది. ఎప్పుడూ ఆగలేదు.

బళ్లో చేరిన మొదటి నవంబరులో సిస్టర్లు టీచర్లందరినీ ప్రార్థన గదిలోకి పిలిచారు. చచ్చిపోయినవాళ్లు అన్ని మతాల్లోనూ ఉంటారు, మీరూ రండి అన్నారు. ఎవరి కొవ్వొత్తి వాళ్లు వెలిగించి ఎవరి పేరు వాళ్లు చెబుతున్నారు. లక్ష్మీదేవి వంతు వచ్చింది. పేరు లేని పిల్లవాడికి ఆ నిమిషంలో, అక్కడ నిలబడి, పేరు పెట్టుకుంది. పైకి చెప్పలేదు, పెదవులు కదిలించింది. ఆ తర్వాత ఏటా అంతే. ఆ పేరుతోనే వాడు ఆమె లోపల బడికి పోయాడు, మీసాలు మొలిపించుకున్నాడు, చెప్పిన మాట వినకుండా తిరిగాడు. కానీ తండ్రి నోట రాని పేరు సగం పేరే అనిపించేది ఆమెకు. తనకు కావలసింది ఒక్కటే. ఈశ్వరయ్య వాడి ఊసెత్తాలి. ఒక్కసారి చాలు, తిట్టయినా సరే, ఏడుపయినా సరే.

ఇదంతా భాగ్యకు చెప్పలేదు, ఊరి ఆమెకు జరిగింది అన్నంతవరకే చెప్పింది. భాగ్య అన్నం తినడం మానేసి విన్నది.

"ఆయన ఉన్నడా మేడం ఇప్పుడు?"

"ఉన్నాడు."

"మరి ఆమె ఆయనతోనే ఎందుకు చెప్పలే? కొడ్తడా ఏంది?"

"కొట్టడు. మర్చిపోయినాడేమోనని భయం. అడిగితే, 'ఎవరు?' అంటాడేమోనని."

భాగ్య కొంగుతో ముక్కు తుడుచుకుని, "గిదే చెప్త మేడం," అంది. "ఆమె పేరు చెప్పొద్దు," అంది లక్ష్మీదేవి. "నాకు తెల్వదా మేడం? ఎవలో గుర్తుపట్టకుంట చెప్త," అని మాటిచ్చింది భాగ్య.

శనివారం మొగుడూ పెళ్లాం నడుచుకుంటూ క్యాంపస్‌లోకి వెళ్లారు. మెట్రో స్టేషన్ కింద కోచింగ్ పిల్లలు బ్యాగులతో తోసుకుంటున్నారు. గేటు దాటాక చెట్ల కింద చల్లగా ఉంది. కొత్తగా వచ్చిన సెక్యూరిటీ కుర్రవాళ్లు తనకు నమస్కారం పెట్టడం లేదని ఈశ్వరయ్య దారిపొడుగునా గొణిగాడు. లక్ష్మీదేవి ఊఁ కొడుతూనే ఉంది. వింటాడు, ఏదో ఒక మాట అంటాడు, లేదా కనీసం తలదించుకుంటాడు, దాన్నిబట్టి తనకు తెలిసిపోతుంది అనుకుంది.

హాలు సగానికి పైగా నిండింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల కుటుంబాలు, ముందు వరసలో సిస్టర్లు, హాస్టల్ అమ్మాయిలు, సమోసాల వాసనకు వచ్చిన కొందరు పరిశోధక విద్యార్థులు. ఈశ్వరయ్య అన్నట్టే వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. లక్ష్మీదేవి ఆయనకు అడ్డంగా, బయటికి పోవాలంటే తనను దాటి పోయేలా కూర్చుంది.

భాగ్య ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. మొదట కాగితం చూసి చదివినా తర్వాత సర్దుకుంది. లెక్కల్లో శేషం ఉన్నట్టే మనుషులు పోయాక కూడా ఏదో మిగులుతుందని చెబితే అందరూ నవ్వారు. ఆ తర్వాత కథ మొదలుపెట్టింది.

"మా దూరపు చుట్టం ఒకామె ఉన్నది. పేరు రోజమ్మ అనుకోండ్రి. గీ లాలాగూడలనే, రైల్వే క్వార్టర్ల ఉంటుండె. ఆమె భర్త వర్క్‌షాపుల ఫిట్టర్."

లక్ష్మీదేవి ఉలిక్కిపడింది.

మాటిచ్చిన పిల్ల మాట నిలబెట్టుకుంటోంది. ఎవరూ గుర్తుపట్టకూడదని ప్రొద్దుటూరును లాలాగూడ చేసింది, ఆఫీసు గుమాస్తాను ఫిట్టర్ చేసింది, రోజమ్మ మెడలో జపమాల వేసింది. ప్రసంగాలు చేసేవాళ్లకు అది మామూలే, వినేవాళ్లకు దగ్గరగా ఉండేట్టు కథను సర్దుకుంటారు. అక్కడితో ఆగినా బాగుండేది. పసివాడికి జ్ఞానస్నానం కూడా చేయించింది. తాత పేరు కలిసేట్టు జోసెఫ్ అని పేరు పెట్టించింది.

జోసెఫ్ నిద్రలో పోయాడు. హాలంతా నిట్టూర్చింది. ముందు వరసలో ఒక సిస్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఎవరూ లక్ష్మీదేవి కొడుకు కోసం బాధపడడం లేదు, లాలాగూడ రోజమ్మ కొడుకు కోసం బాధపడుతున్నారు. ఇన్నేళ్లకు నోరు విప్పి వాణ్ణి బయటికి తెస్తే, కళ్లముందే వాణ్ణి ఇంకొకరికి ఇచ్చేశారు. తప్పు భాగ్యది కాదు. చెప్పుకోవలసిన చోట చెప్పుకోకుండా అరువు నోటితో చెప్పించాలనుకున్న తనది. ఆమె పక్కకు తిరిగి చూసింది. ఈశ్వరయ్య పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ వాచీ పట్టీ సవరించుకుంటున్నాడు. ఫిట్టర్ కథ ఆయనకెందుకు?

"బిడ్డ పోయిండు గానీ, తల్లికి పాలు ఆగయి గదా," అంటోంది భాగ్య, గొంతు తగ్గించి. "పెద్దోళ్లు ఏమన్నరంటే, మల్లెపూలు కడితే పాలు ఇంకుతయన్నరు. చలికాలం. మల్లెపూలు యాడికెళ్లి వస్తయి? గప్పుడు ఆమె భర్త ఎవ్వలికీ చెప్పకుంట పోయి, మోండా మార్కెట్ మొత్తం తిరిగి, ఒక పొట్లం పూలు తెచ్చి గడప కాడ పెట్టిండు. ఒక్క మాట మాట్లాడలే."

ఆ పూల సంగతి లక్ష్మీదేవే చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం గడప దగ్గర తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు కనిపించాయని, ఎక్కడివో ఎవరూ అడగలేదని చెప్పింది. ఎవరు తెచ్చారో, ఎక్కడివో ఆమెకూ తెలియదు కనుక భాగ్యే వాటిని భర్త చేత తెప్పించి, మోండా మార్కెట్ పెట్టుకుంది.

"తిరుపతి," అన్నాడు ఈశ్వరయ్య.

లక్ష్మీదేవి సరిగా వినలేదనుకుంది. "ఏమన్నారు?"

"మోండా మార్కెట్ కాదు. తిరుపతి." ఆయన చూపు ఇంకా ఫ్యాను మీదే ఉంది. "ప్రొద్దుటూర్లో లేవు. కడపకు పోతే ఆడా లేవు. రాత్రి బస్సు పట్టుకోని తిరుపతికి పోయినా. ఆడ కూడా ఒక్కామె కాడనే ఉండినాయి. ఎవరో పెండ్లోళ్లు చెప్పినారని తట్టలో దాచిపెట్టుకోనింది. ఇయ్యనంటే ఇయ్యననింది."

"మరి ఎట్లా ఇచ్చింది?"

"ఎందుకో చెప్పినా." వాచీ పట్టీ మళ్లీ సవరించుకున్నాడు. "తట్టలో ఉండేవి అన్నీ నా గుడ్డలో పోసింది. ఆమెకొక్కదానికే చెప్పినా నేను. మళ్లీ ఎవరికీ చెప్పలే."

వేదిక మీద భాగ్య ఇంకేదో చెబుతోంది. లక్ష్మీదేవికి ఒక్క ముక్క వినపడలేదు. ఇంట్లో ఉండలేక పారిపోయాడనుకున్న ఆ రాత్రి ఈ మనిషి బస్సులో కూర్చుని పూలకోసం పోయాడు. ఎవరో తెలియని పూలామె ముందు నిలబడి, నా కొడుకు పోయినాడు అని చెప్పుకున్నాడు. ఆమెకు ఒక్కసారిగా జాలీ, ప్రేమా, వాటిని మించి ఒళ్లుమండే కోపమూ వచ్చాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అంది, పళ్లు బిగబట్టి, పక్కవాళ్లకు వినపడకుండా.

"నువ్వు వాని ఊసెత్తలేదు కదా," అన్నాడు ఈశ్వరయ్య.

ఇద్దరూ ఇద్దరే. ఒకే కంచంలో తినకపోయినా ఒకే పప్పు, ఒకే చారు తిని, ఒకే మంచం మీద పడుకుని, ఎదుటివాళ్లు ఎత్తుతారేమోనని ఇన్నేళ్లు కాచుకుని కూర్చున్నారు. ఆ కాచుకోవడంలోనే ఆమె జుట్టు నెరిసింది, ఆయనకు బీపీ వచ్చింది.

చప్పట్లు వినపడ్డాయి. ప్రసంగం అయిపోయింది. వేదిక ముందు బల్ల మీద కొవ్వొత్తులు పెట్టారు. జనం లేచి ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఎవరో తల్లి పేరు చెప్పారు. ఒక హాస్టల్ అమ్మాయి తన స్నేహితురాలి పేరు చెప్పి మైకు దగ్గరే ఏడ్చేసింది. ప్రతి పేరుకూ హాలంతా ఒకే గొంతుతో ప్రార్థన చేసి, తర్వాతి పేరు కోసం ఆగుతోంది.

ఈశ్వరయ్య లేచాడు. లక్ష్మీదేవి కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది. తలుపు వైపు పోతాడనుకుంది. ఆయన నడవా వైపు తిరిగి, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి, వరస చివర్లో నిలబడ్డాడు. తెల్ల చొక్కా, నడక బూట్లు, నుదుట పొద్దున పెట్టిన కుంకుమ. ముందు నిలబడిన మెట్టుగూడ ముసలాయన వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనకుండా ఒక కొవ్వొత్తి అందించాడు.

వరస కదిలింది. ఆయన వంతు వచ్చింది. ఒత్తి అంటుకోకపోతే భాగ్య పట్టుకుని వెలిగించింది. ఆయనెవరో ఆమెకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు. "పేరు చెప్పుండ్రి సార్," అంది, మైకు ఆయన ముందుకు జరిపి.

ఈశ్వరయ్య నోరు తెరిచాడు. మూశాడు. ఆయన తల తిప్పి, అన్ని వరసలూ దాటి, తలుపు పక్కన కూర్చున్న భార్య వైపు చూశాడు. మైకు దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయి అడిగాడు.

"లక్ష్మీ, వానికి ఏం పేరు పెట్టుకున్నావు?"

పెట్టుకున్నావా అని అడగలేదు. పెట్టుకునే ఉంటుందని ఆయనకు తెలుసు.

భాగ్య ఒకసారి ఆయన్ని, ఒకసారి లక్ష్మీదేవి మేడంని చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

లక్ష్మీదేవి లేచింది. కుర్చీల మధ్య నుంచి ఎట్లా నడిచి వచ్చిందో ఆమెకు తెలియదు. వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇన్నేళ్లూ పెదవుల దగ్గరే ఆగిపోయిన మాట పైకి వచ్చింది.

"హేమంత్," అంది. "చలికాలంలో పుట్టినాడు కదా, అందుకని."

ఈశ్వరయ్య ఆ పేరును లోపల ఒకసారి అనుకున్నట్టు తల ఊపాడు. కొవ్వొత్తి ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో మైకు దగ్గరికి లాక్కున్నాడు. యూనివర్సిటీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, పట్టాల కోసం వచ్చిన పిల్లల పేర్లు పిలిచేటప్పుడు ఉండే గొంతు అది. చివరి వరస దాకా స్పష్టంగా వినపడింది.

"పోరుమామిళ్ల హేమంత్. తండ్రి ఈశ్వరయ్య, తల్లి లక్ష్మీదేవి."